కారణాంకాలు చిక్కని సంఖ్యలకు గ.సా.భా. ఎలా? (391, 667 లెక్కపై చర్చ)

హనుమకొండ_గృహిణి

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి ఆరవ తరగతి చదువుతున్నాడు. 391, 667 సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోమని ఇంటిపని ఇచ్చారు. బడిలో నేర్పినట్టే రెండింటినీ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టబోయాడు. 2, 3, 5, 7, 11, 13 వరకు చూసి, రెండూ దేనితోనూ పోవడం లేదు కాబట్టి జవాబు 1 అని రాసేశాడు. పుస్తకం వెనక జవాబు 23 అని ఉంది.

పిల్లవాడికి ఇరవై మూడో ఎక్కం రాదు, నిజానికి నాకూ రాదు. పెద్ద ఎక్కాలతో పని లేకుండా, ఏ రెండు సంఖ్యలు ఇచ్చినా పనిచేసే పద్ధతి ఉంటే చెప్పగలరు. మా పక్కింటివారు వరుసగా భాగించుకుంటూ పోయే పద్ధతి ఒకటి చూపించారు, జవాబు సరిగ్గానే వచ్చింది. కానీ చివరి భాజకమే ఎందుకు జవాబు అవుతుందని మావాడు అడిగితే ఆయన చెప్పలేకపోయారు. ఆ కారణం తెలిస్తేనే వాడు ఆ పద్ధతిని ఒప్పుకుంటానంటున్నాడు.

విశ్రాంత_గణితోపాధ్యాయుడు

అమ్మా, మీ అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. ముందు లెక్క చేసి, ఆ తర్వాత కారణం చెబుతాను.

పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో భాగించాలి. శేషం మిగిలితే, అంతవరకు భాజకంగా ఉన్న సంఖ్య భాజ్యమవుతుంది, ఆ శేషం భాజకమవుతుంది. శేషం సున్నా అయ్యేదాకా ఇలాగే సాగాలి.

667 = 391 × 1 + 276
391 = 276 × 1 + 115
276 = 115 × 2 + 46
115 = 46 × 2 + 23
46 = 23 × 2 + 0

సున్నా వచ్చిన భాగహారంలో భాజకం 23, అదే గ.సా.భా. ఈ అయిదు వరుసల్లో ఎక్కడా ఇరవై మూడో ఎక్కం అక్కరలేదని గమనించండి. ప్రతిచోటా భాగఫలం 1 లేదా 2 మాత్రమే.

ఇక కారణం. 391నూ 667నూ శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదో ఒకటి ఉందనుకుందాం, అది ఎంతో మనకు తెలియనక్కరలేదు. 391లో ఆ సంఖ్య సరిగ్గా కొన్నిసార్లు ఉంది, 667లోనూ సరిగ్గా కొన్నిసార్లు ఉంది, కాబట్టి 667 నుంచి 391 తీసివేస్తే మిగిలే 276లో కూడా అది సరిగ్గా కొన్నిసార్లే ఉండి తీరాలి, ముక్కలు మిగలడానికి వీల్లేదు. అంటే మొదటి జంటను భాగించేది ఏదైనా శేషాన్ని కూడా భాగిస్తుంది. వెనక్కి చూసినా అంతే. 391నూ 276నూ భాగించే సంఖ్య ఏదైనా వాటి మొత్తమైన 667ను భాగించక తప్పదు. కాబట్టి (667, 391) జంటకు ఎన్ని సామాన్య భాజకాలున్నాయో, (391, 276) జంటకూ సరిగ్గా అవే ఉన్నాయి, ఒక్కటి ఎక్కువా కాదు, ఒక్కటి తక్కువా కాదు. జాబితా మొత్తం ఒకటే అయినప్పుడు అందులో అన్నిటికంటే పెద్దది కూడా ఒకటే.

రెండో వరుసకూ ఇదే మాట వర్తిస్తుంది, మూడో వరుసకూ అంతే. చివరికి (46, 23) జంట మిగిలింది. 23 తననూ భాగిస్తుంది, 46నూ భాగిస్తుంది. 23ను భాగించే సంఖ్యల్లో 23 కంటే పెద్దది ఉండదు కాబట్టి ఆ జంట గ.సా.భా. 23. కింది మెట్టు మీద నిజమైనది పై మెట్టు మీదా నిజమే కనుక 391, 667లకూ అదే జవాబు.

శేషం ఎప్పుడూ భాజకం కంటే చిన్నదే కాబట్టి సంఖ్యలు దిగుతూనే ఉంటాయి, సున్నా దాటి కిందికి పోలేవు. అందుకే ఈ భాగహారం ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది. ఈ ఒక్క మాట పిల్లలకు చాలామంది చెప్పరు, చెప్పాలి.

పోటీపరీక్షల_అభ్యర్థి

మాస్టారు గారి వివరణలో మొదటి వరుసే చాలు, లెక్క అక్కడే తేలిపోతుంది. రెండు సంఖ్యల గ.సా.భా. వాటి తేడాను భాగించి తీరాలి. తేడా 276, అంటే 2 × 2 × 3 × 23. ఇచ్చినవి రెండూ బేసి సంఖ్యలు కాబట్టి 2 పోయింది. 391 అంకెల మొత్తం 13, అది 3తో పోదు కాబట్టి 3 కూడా పోయింది. ఇక మిగిలింది 23 ఒక్కటే. 391ని 23తో భాగించి చూస్తే 17 వస్తుంది, పని అయిపోయింది. పరీక్షలో సమయం తక్కువగా ఉన్నప్పుడు మేమంతా ఈ తేడా పద్ధతినే నమ్ముకుంటాం.

ప్రధానాంకాల_పక్షం

ఇక్కడ అందరూ ప్రధాన కారణాంకాల పద్ధతిని పక్కకు నెట్టేస్తున్నారు, దాని తరఫున ఒక మాట చెప్పాలి. 391 అంటే 400 నుంచి 9 తీసివేయగా వచ్చినది. అంటే 20 వర్గం నుంచి 3 వర్గం తీసివేసినట్టు. కాబట్టి అది (20 − 3) × (20 + 3), అంటే 17 × 23. అలాగే 667 అంటే 676 − 9, అంటే 26 వర్గం నుంచి 3 వర్గం తీసివేస్తే వచ్చేది, అది 23 × 29. ఒక్క భాగహారం లేకుండా రెండు సంఖ్యల లోపలి నిర్మాణం బయటపడింది. గ.సా.భా. 23, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 17 × 23 × 29 = 11339, 391/667 భిన్నానికి కనిష్ఠ రూపం 17/29, అన్నీ ఒకేసారి వచ్చాయి. భాగహార పద్ధతిలో జవాబు వస్తుంది గాని సంఖ్య లోపల ఏముందో తెలియదు.

విశ్రాంత_గణితోపాధ్యాయుడు

మీ వర్గాల భేదం ముచ్చటగా ఉంది, అందులో సందేహం లేదు. అయితే కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వల్లే అది అంత సులువుగా కుదిరింది. 11183, 16271 తీసుకోండి. కారణాంకాల దారిలో పోతే 2తో మొదలుపెట్టి వరుసగా 16 ప్రధానాంకాలు చూడాలి, పదహారవదైన 53 దగ్గర గాని మొదటి కారణాంకం తగలదు. భాగహారంతో ఎంత పని పడుతుందో చూడండి.

16271 = 11183 × 1 + 5088
11183 = 5088 × 2 + 1007
5088 = 1007 × 5 + 53
1007 = 53 × 19 + 0

నాలుగు వరుసల్లో 53 వచ్చింది. మీరు చెప్పిన 'లోపలి నిర్మాణం' తెలియకపోవడాన్ని నేను లోపంగా చూడను. రెండు సంఖ్యలకు ఉమ్మడిగా ఏముందో తెలుసుకోవడానికి ఒక్కొక్కదానిలో విడివిడిగా ఏముందో తెలుసుకోనక్కరలేదన్నదే ఈ పద్ధతి గొప్పతనం. పైగా గ.సా.భా. దొరికాక మీరన్న మిగతావన్నీ వస్తాయి. 391ని 23తో భాగిస్తే 17, 667ను భాగిస్తే 29, భిన్నం అక్కడే తేలింది. రెండు సంఖ్యల లబ్ధాన్ని గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. వస్తుంది.

కోడ్_రాసే_గుంటూరువాడు

ఉమ్మడిగా ఏముందో తెలియడానికి విడివిడిగా ఏముందో తెలియనక్కరలేదన్న మాస్టారి మాటకు కంప్యూటర్ రంగంలో గట్టి సాక్ష్యం ఉంది. ఇంటర్నెట్‌లో రహస్య సందేశాలకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ప్రతి తాళంలోనూ రెండు పెద్ద ప్రధానాంకాల లబ్ధం ఒకటి ఉంటుంది. వందల అంకెలున్న ఆ లబ్ధాన్ని మళ్ళీ విడగొట్టడం ఎవరికీ సాధ్యం కాదన్న నమ్మకం మీదే దాని భద్రత ఆధారపడి ఉంది. అయితే రెండు పరికరాలు ఒకే ప్రధానాంకాన్ని ఎంచుకుంటే ఏమవుతుంది? రెండు లబ్ధాల్లో ఏ ఒక్కదాన్నీ విడిగా విడగొట్టలేం, కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి గ.సా.భా. కనుక్కుంటే ఉమ్మడి ప్రధానాంకం కన్ను మూసి తెరిచేలోగా బయటపడుతుంది, దానితో రెండు తాళాలూ తెరుచుకుంటాయి. 2012లో రెండు వేర్వేరు పరిశోధక బృందాలు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే తాళాలను పోగుచేసి ఇదే పని చేశాయి. యాదృచ్ఛిక సంఖ్యలను సరిగ్గా పుట్టించలేని చిన్నచిన్న నెట్‌వర్క్ పరికరాల తాళాలు వేల సంఖ్యలో అలా విడిపోయాయి.

ప్రోగ్రాంగా రాసినప్పుడు కూడా ఇది రెండు మూడు వరుసలకు మించదు. రెండో సంఖ్య సున్నా కానంతవరకు మొదటిదాని స్థానంలో రెండోదాన్ని, రెండోదాని స్థానంలో శేషాన్ని పెడుతూ పోవాలి. సున్నా అయినప్పుడు మొదటి స్థానంలో ఉన్నదే జవాబు.

హనుమకొండ_గృహిణి

మాస్టారు గారికీ మిగతా అందరికీ ధన్యవాదాలు. మావాడికి కారణం అర్థమైంది, వెంటనే మరో రెండు ప్రశ్నలు పుట్టాయి. పొరపాటున పెద్ద సంఖ్యతో చిన్న సంఖ్యను భాగిస్తే లెక్క చెడిపోతుందా? ఇచ్చిన పూర్ణాంకాల్లో ఒకటి సున్నా అయితే గ.సా.భా. ఎంత?

కళాశాల_అధ్యాపకురాలు

మొదటిదానికి జవాబు, చెడిపోదు. 391ని 667తో భాగిస్తే భాగఫలం 0, శేషం 391. తర్వాతి వరుసలో 667 భాజ్యం, 391 భాజకం అవుతాయి, అంటే లెక్క తనంతట తానే సర్దుకుంటుంది, ఒక వరుస వృథా అవుతుందంతే.

రెండోదానికి, 0ను ఏ సహజ సంఖ్యతో భాగించినా శేషం ఉండదు. కాబట్టి 35, 0 అనే జంటకు సామాన్య భాజకాలంటే 35కు ఉన్న భాజకాలే, వాటిలో పెద్దది 35. రెండూ సున్నాలైతే మాత్రం ప్రతి సంఖ్యా సామాన్య భాజకమే అవుతుంది, అందులో పెద్దదంటూ ఉండదు. ఆ ఒక్క సందర్భంలో విలువను 0 అని ఒప్పందంగా తీసుకుంటారు.

ఎన్ని వరుసలు పట్టవచ్చన్న విషయం కూడా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే నాకు ఈ అంశంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఫ్రెంచి గణితజ్ఞుడు గాబ్రియెల్ లామే 1844లో దీనికి హద్దు నిరూపించాడు. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో దానికి అయిదు రెట్ల కంటే ఎక్కువ భాగహారాలు ఎన్నటికీ అవసరం కావు. మాస్టారి లెక్కలో 391కి మూడంకెలు కాబట్టి 15 దాటకూడదు, పట్టినవి 5. మరి హద్దు వరకూ లాగే సంఖ్యలున్నాయా అంటే ఉన్నాయి. 144, 89 తీసుకుని చేసి చూడండి. శేషాలు 55, 34, 21, 13, 8, 5, 3, 2, 1 అని వచ్చి ఆ తర్వాత గాని సున్నా రాదు, సరిగ్గా పది భాగహారాలు. ముందరి రెండు సంఖ్యలను కలిపి తర్వాతి సంఖ్యను పుట్టించే ఫిబొనాచీ వరుస ఇది. చివరి వరుసలో తప్ప ప్రతి భాగఫలమూ 1 కావడంతో సంఖ్యలు తగ్గాల్సినంత వేగంగా తగ్గవు. అంత శ్రమపడ్డాక వచ్చే జవాబు 1, అంటే అవి పరస్పర ప్రధాన సంఖ్యలు.

చరిత్ర_పిపాసి

ఈ పద్ధతిని పాఠ్యపుస్తకాలు యూక్లిడ్ పేరుతో పిలుస్తాయి. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఆయన రచించిన 'ఎలిమెంట్స్' ఏడవ సంపుటంలో మొదటి రెండు ప్రతిపాదనలూ దీని గురించే. అయితే అక్కడ భాగహారం బదులు పెద్దదానిలోంచి చిన్నదాన్ని పదేపదే తీసివేస్తూ పోతారు. చైనా ప్రాచీన గణిత గ్రంథం 'తొమ్మిది అధ్యాయాలు'లో కూడా 49/91 భిన్నాన్ని ఇలాంటి పరస్పర తీసివేతతోనే 7/13కు కుదిస్తారు.

మన దేశంలో ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో ఈ పరస్పర భాగహారాన్ని మరో పనికి వాడాడు. దాన్నే తర్వాతివారు కుట్టకం అన్నారు. గ.సా.భా. దగ్గర ఆగిపోకుండా, భాగఫలాలను పట్టుకుని వెనక్కి నడవడం అందులోని కీలకం. ఇక్కడి లెక్కనే వెనక్కి నడిపిస్తే 23 = 12 × 391 − 7 × 667 అని వస్తుంది. 12 × 391 = 4692, 7 × 667 = 4669, తేడా 23, సరిచూసుకోవచ్చు.

భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో ఇచ్చిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది. 221ని ఏ సంఖ్యతో గుణించి 65 కలిపితే 195తో నిశ్శేషంగా పోతుంది? ఆయన ముందుగా 221, 195లను ఒకదానితో ఒకటి భాగించి గ.సా.భా. 13 అని తేల్చి, మూడు సంఖ్యలనూ 13తో కుదిస్తాడు. అప్పుడు మిగిలేవి 17, 15, 5. జవాబు 5, ఎలాగంటే 221 × 5 + 65 = 1170, అది 195కు ఆరు రెట్లు. ఒకవేళ కలపాల్సిన సంఖ్య 13తో పోకపోతే ఆ లెక్కకు అసలు జవాబే ఉండదని కూడా ఆ దశలోనే తెలిసిపోతుంది. గ.సా.భా.ను మనం బడిలో భిన్నాల కొట్టివేతకు మాత్రమే పరిమితం చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తెలుగు విషయానికి వస్తే, మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు భిన్నాలను కూడేటప్పుడు హారాలకు క.సా.గు. తీసుకునే పద్ధతిని 'నిరుద్ధం' అన్న పేరుతో చెప్పాడు.

సివిల్_పని_చేసేవాడు

చర్చ ఎక్కడికో వెళ్ళింది, నేల మీదకు తెస్తాను. గ.సా.భా. పాఠంలో గచ్చు లెక్క తప్పకుండా ఉంటుంది. గది 4.62 మీటర్ల పొడవు, 3.30 మీటర్ల వెడల్పు, కోయకుండా పరవగలిగే అతిపెద్ద చదరపు టైల్ ఎంత? 462, 330ల గ.సా.భా. 66 కాబట్టి 66 సెంటీమీటర్లు, పొడవున 7, వెడల్పున 5, మొత్తం 35 టైల్స్ అని జవాబు రాస్తారు. అంతా బాగుంది, కానీ దుకాణంలో 66 సెంటీమీటర్ల టైల్ అడిగితే నవ్వుతారు. దొరికేది 60. అప్పుడు 35 నిండు టైల్స్ పరిచాక పొడవు వైపు 42, వెడల్పు వైపు 30 సెంటీమీటర్ల పట్టీలు మిగులుతాయి. 42 పట్టీకి అయిదు టైల్స్ కోయాలి. 30 పట్టీకి ఒక్కో టైల్‌ను సగానికి కోస్తే ఏడు సగాలకు నాలుగు టైల్స్ పడతాయి, ఎనిమిదవ సగంలోంచి మూల ముక్క తీయవచ్చు. మేస్త్రీ ఓపికగా కోస్తే 44 చాలు, ఏమరుపాటుగా ప్రతి ముక్కకూ కొత్త టైల్ తీస్తే 48 అవుతాయి. ఇంకా అతుకుల సందులు లెక్కలోకి తీసుకోలేదు.

ప్రధానాంకాల_పక్షం

అది గ.సా.భా. తప్పు కాదు కదండీ. దుకాణం సైజులు ముందే ఖాయమైనప్పుడు అడగాల్సిన ప్రశ్న 'అతిపెద్దది ఏది' అని కాదు, 'దొరికేవాటిలో రెంటినీ భాగించేది ఏది' అని. 66కు ఉన్న భాజకాలు 1, 2, 3, 6, 11, 22, 33, 66. ఈ జాబితాలో 60 గాని 30 గాని లేవు కాబట్టి ఆ గదిలో కోత తప్పదని టైల్స్ కొనకముందే తెలుస్తుంది.

పోటీపరీక్షల_అభ్యర్థి

ఒక హెచ్చరిక. మాస్టారు చెప్పిన లబ్ధం సూత్రం రెండు సంఖ్యలకే పరిమితం, మూడింటికి వాడకూడదు. 6, 10, 15 తీసుకుంటే గ.సా.భా. 1, క.సా.గు. 30, వీటి లబ్ధం 30, కానీ మూడు సంఖ్యల లబ్ధం 900. మూడు సంఖ్యలకు గ.సా.భా. కావాలంటే ముందు రెండింటికి కనుక్కుని, వచ్చినదానికీ మూడోదానికీ మళ్ళీ కనుక్కోవాలి.

పరీక్షల్లో తరచుగా వచ్చే రకం ఇంకొకటి ఉంది. 100, 163, 247లను భాగిస్తే ఒకే శేషం మిగిల్చే అతిపెద్ద సంఖ్య ఏది? శేషం ఎంతో చెప్పరు. తేడాలు తీస్తే ఆ శేషం కొట్టుకుపోతుంది. 63, 84 వస్తాయి, వాటి గ.సా.భా. 21 జవాబు. మూడింటిలోనూ మిగిలే శేషం 16.

కోడ్_రాసే_గుంటూరువాడు

మాస్టారూ, శేషాన్ని తక్కువ వైపు నుంచి కాకుండా దగ్గరి వైపు నుంచి తీసుకుంటే వరుసలు తగ్గుతాయి కదా? 667లో 391 రెండుసార్లకు 115 మాత్రమే తక్కువ. కాబట్టి 667 = 391 × 2 − 115 అని రాసి, వెంటనే 391, 115లకు వెళ్ళవచ్చు. 391 = 115 × 3 + 46, 115 = 46 × 2 + 23, 46 = 23 × 2. అయిదు వరుసల పని నాలుగింటిలో అయింది. పిల్లలకు దీన్నే నేర్పితే ఏం?

విశ్రాంత_గణితోపాధ్యాయుడు

గణితపరంగా మీరు చెప్పింది పూర్తిగా సరైనదే. నేను పైన ఇచ్చిన కారణం కూడికకూ తీసివేతకూ సమానంగా వర్తిస్తుంది, కాబట్టి తక్కువైన 115 అయినా మిగిలిన 276 అయినా సామాన్య భాజకాల జాబితా మారదు. అయితే పదవ తరగతిలో యూక్లిడ్ భాగహార న్యాయం పేరిట ప్రశ్న అడిగితే, శేషం సున్నా గాని అంతకంటే పెద్దది గాని అయి ఉండాలి, భాజకం కంటే చిన్నదై ఉండాలి అన్న నియమం ఆ న్యాయంలోనే ఉంది. రుణ గుర్తుతో రాసిన వరుస ఆ నియమానికి లోబడదు, దిద్దేవారు మార్కు తీసేస్తే అడగడానికి ఉండదు. ఆరవ తరగతి పిల్లవాడు ముందు మామూలు శేషంతోనే అలవాటుపడనివ్వండి. చిత్తు కాగితం మీద సరిచూసుకోవడానికి మాత్రం మీ పద్ధతి వాడుకోవచ్చు, 11183, 16271ల మీద మొదలుపెట్టమనండి. మొదటి వరుసలో 11183ని రెండుసార్లు తీసుకుంటే ఎంత తక్కువ పడుతుందో, ఒకసారి తీసుకుంటే ఎంత మిగులుతుందో రెండూ చూసి చిన్నదాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ 6095 తక్కువ పడుతుంది, 5088 మిగులుతుంది, కాబట్టి మామూలు శేషమే మేలు.